విటమిన్ డి వేసుకుంటే రొజేషియా పెరుగుతుందా? టాబ్లెట్లు ఆపెయ్యాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. రెండేళ్ల నుంచి బుగ్గలు, ముక్కు ఎర్రగా అయిపోయి మండుతున్నాయి, మధ్యమధ్యలో చిన్న చిన్న పొక్కులు కూడా వస్తాయి. స్కిన్ డాక్టర్ రొజేషియా అని చెప్పి రాసుకోడానికి జెల్ ఇచ్చారు. ఈమధ్య ఒళ్లునొప్పులు, నీరసం ఎక్కువైతే వేరే డాక్టర్‌కి చూపించుకున్నా, రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది. వారానికొకటి వేసుకోమని పెద్ద డోసు, రోజూ ఒక కాల్షియం టాబ్లెట్ రాశారు. నెట్‌లో చూస్తే విటమిన్ డి వల్ల కాథలిసిడిన్ అనే ప్రోటీన్ పెరుగుతుందని, రొజేషియా రావడానికి కారణమే ఆ ప్రోటీన్ అని ఉంది. భయమేసి టాబ్లెట్లు పక్కన పెట్టేశా. మా ఆడపడుచేమో మందులెందుకు వదినా, రోజూ పొద్దున్నే కాసేపు ఎండలో కూర్చో చాలు అంటోంది, కూర్చుంటే మొహం భగ్గుమంటోంది. ఏం చెయ్యాలో చెప్పండి ప్లీజ్.

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తా, తర్వాత ఎందుకో మాట్లాడుకుందాం. టాబ్లెట్లు ఆపకండి. మొహాన్ని ఎండకి పెట్టకండి. రెండిట్లోనూ వచ్చేది అదే విటమిన్ డి కదా, ఒకటి మంచిది ఇంకోటి చెడ్డది ఎలా అవుతుంది అంటారేమో, నోటి ద్వారా వెళ్లే దారి వేరు, మొహం మీద ఎండ పడి తయారయ్యే దారి వేరు, ఆ రెండో దారిలో విటమిన్‌తో పాటు రొజేషియాకి అస్సలు పడనివి ఇంకో నాలుగు వస్తాయి.

మీరు చదివింది అబద్ధమైతే కాదు. సగం వరకే చెప్పి వదిలేశారు అంతే, ఆ సగం చదివినవాళ్లెవరైనా మీలాగే భయపడతారు.

కాథలిసిడిన్ అనేది మన ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే, క్రిముల్ని చంపే మందు. చర్మంలో కణాలు, రక్తంలో తెల్లకణాలు దీన్ని తయారుచేస్తాయి. మొదట తయారయ్యేది పొడుగాటి ప్రోటీన్, దాన్ని కత్తిరిస్తేనే పనికొచ్చే ముక్క బయటికొస్తుంది, ఆ ముక్క పేరు ఎల్ఎల్-37, అందులో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి ఆ నంబర్. చర్మంలో ఈ కత్తిరించే పని చేసేది కాలిక్రీన్-5 అనే ఎంజైమ్, కత్తెర అనుకోండి. ఇంక ఎల్ఎల్-37 చేసే పనులు చూడండి, బాక్టీరియాని చంపుతుంది, తెల్లకణాల్ని పిలుచుకొస్తుంది, కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తుంది. గాయమైనప్పుడు మనకి కావలసింది సరిగ్గా ఇదే. గాయమూ లేదు ఏమీ లేదు, ఊరికే బుగ్గల మీద ఇదే పని నడుస్తుంటే? ఎరుపు, పొక్కులు, పైకి కనిపించే సన్నటి రక్తనాళాలు. రొజేషియా అంటే దాదాపు అదే.

ఇది ఊహ కాదు. 2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగోలో రిచర్డ్ గాలో టీమ్, అందులో మొదటి పేరు యమసాకిది, నేచర్ మెడిసిన్ జర్నల్‌లో దీన్ని రాశారు. రొజేషియా ఉన్నవాళ్ల మొహం చర్మంలో కాథలిసిడిన్ బాగా ఎక్కువ ఉంది, కాలిక్రీన్-5 కూడా ఎక్కువే ఉంది. వీటికంటే ముఖ్యమైనది ఇంకోటి, ఆ చర్మంలో దొరికిన ముక్కలు మామూలు చర్మంలో దొరికే ముక్కల్లా లేవు, కొలతలే వేరు. ఆ ముక్కల్ని ఎలుకల చర్మంలోకి ఎక్కిస్తే అక్కడ ఎర్రబడి వాచింది. అసలు కాథలిసిడిన్ జీన్ తీసేసిన ఎలుకల్లో కత్తెర ఎంజైమ్‌ని ఎక్కించినా వాపు అంతగా రాలేదు. మరి ఈ ఎంజైమ్ ఎందుకు పెరుగుతోంది అంటే, 2011లో అదే టీమ్ చెప్పింది ఏంటంటే రొజేషియా చర్మంలో టీఎల్ఆర్-2 అనే రిసెప్టర్ ఎక్కువగా ఉంటోందని. చర్మం మీదకి క్రిములు వచ్చాయా, దెబ్బ తగిలిందా అని కనిపెట్టే రిసెప్టర్ అది. అది ఎక్కువుంటే చిన్నచిన్న వాటికి కూడా రెచ్చిపోయి కాలిక్రీన్-5ని పెంచుతుంది. డెమోడెక్స్ అని మన మొహం మీద వెంట్రుకల కుదుళ్లలో ఉండే కంటికి కనపడని పురుగు ఒకటుంది, అందరికీ ఉంటుంది, అసహ్యించుకోకండి, రొజేషియా వాళ్లకి ఎక్కువగా ఉంటుంది, దాని పైపెంకులో ఉండే కైటిన్ కూడా ఈ రిసెప్టర్‌ని కదిలిస్తుంది.

ఇప్పుడు విటమిన్ డి దగ్గరికి వద్దాం. కాథలిసిడిన్ జీన్ పక్కనే విటమిన్ డి వచ్చి స్విచ్ వేసే చోటు ఉందని 2004, 2005 ప్రాంతాల్లో బయటపడింది. 2006లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన టీబీ పరిశోధన అందరూ చెప్పుకునేది, టీబీ క్రిమిని చూసిన తెల్లకణాలు విటమిన్ డి వాడుకుని కాథలిసిడిన్ తయారుచేసుకుంటాయని, రక్తంలో విటమిన్ డి తక్కువున్నవాళ్ల సీరంలో, అంటే రక్తంలో కణాలు తీసేసిన నీటి భాగంలో, పెట్టిన కణాలు ఆ పని సరిగ్గా చెయ్యలేకపోయాయని. అంటే విటమిన్ డి, కాథలిసిడిన్ లింకు అనేది జబ్బు కాదు, మన రోగనిరోధక శక్తిలో ఒక భాగం, మీకూ నాకూ అందరికీ ఉన్నదే.

చర్మంలో ఇంకో విషయం ఉంది, నెట్‌లో రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా వదిలేస్తారు. రక్తపరీక్షలో మనం కొలిచే విటమిన్ డి పనిచేసే రూపం కాదు, ముడిసరుకు. దాన్ని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్ కిడ్నీలోనే కాదు చర్మం కణాల్లో కూడా ఉంది, అవి అవసరమైనప్పుడు అక్కడికక్కడే మార్చుకుంటాయి. గాయమైతే, టీఎల్ఆర్-2 కదిలితే ఆ మార్పిడి జోరు అందుకుంటుంది. అంటే బుగ్గ మీద ఎంత కాథలిసిడిన్ తయారవ్వాలి అనేది ఆ చోట చర్మం ఎంత రెచ్చిపోయి ఉంది అనేదాన్ని బట్టి చాలావరకు నడుస్తుంది, రిపోర్టులో 11 ఉందా 30 ఉందా అనేదొక్కటే దాన్ని తేల్చదు. కాబట్టి ముడిసరుకు మానేసి ఒళ్లంతా మాడ్చుకోవడం కంటే ఆ చోటు చల్లబడేలా చూసుకోవడం తెలివైన పని.

ప్రోటీన్ ఎక్కువుంటే జబ్బు అనే లెక్క ఎందుకు సరిపోదో ఇంకో ఉదాహరణ చెప్తా. సోరియాసిస్ ఉన్న మచ్చల్లో కాథలిసిడిన్ చాలా ఎక్కువ ఉంటుంది. ఎగ్జిమాలో సోరియాసిస్ కంటే తక్కువ ఉంటుంది, వాళ్లకి చర్మం ఇన్ఫెక్షన్లు పదేపదే రావడానికి అదొక కారణం. మీరు చదివిన లెక్క ప్రకారమైతే విటమిన్ డి తగిలితే సోరియాసిస్ మండిపోవాలి కదా? కానీ సోరియాసిస్‌కి ఏళ్ల తరబడి వాడుతున్న పైపూత మందు కాల్సిపోట్రియోల్ విటమిన్ డి రకమే, దాంతో మచ్చలు తగ్గుతాయి. ఎందుకంటే విటమిన్ డి ఒక్క స్విచ్చే వెయ్యదు, వాపు పెంచే కణాల్ని అణిచే పని కూడా చేస్తుంది. (ఇది చదివి ఆ ఆయింట్‌మెంట్ కొని బుగ్గలకి రాసుకునేరు, మొహం మీద అది మంట పుట్టిస్తుంది, మీకు అక్కర్లేదు.)

మరి రొజేషియా వాళ్ల రక్తంలో విటమిన్ డి ఎంతుంది అని చూసిన పరిశోధనలు ఉన్నాయి. 2014లో టర్కీ నుంచి వచ్చిన ఒకదాంట్లో మామూలువాళ్ల కంటే కాస్త ఎక్కువుంది అన్నారు, మీరు చదివిన భయం చాలావరకు దాన్నుంచే పుట్టుంటుంది. తర్వాత వచ్చినవాటిల్లో తేడా లేదని కొన్ని, తక్కువే ఉందని కొన్ని. చిన్న చిన్న గుంపుల్లో ఒకసారి రక్తం తీసి చూసిన లెక్కలివి, ఎండకి భయపడి ఇంట్లో ఉండేవాళ్లెంతమంది, టాబ్లెట్లు వేసుకునేవాళ్లెంతమంది అనేదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. లోపం ఉన్నవాళ్లకి విటమిన్ డి ఇచ్చి మామూలు స్థాయికి తెస్తే రొజేషియా పెరిగిందని తేల్చిన ట్రయల్ అయితే లేదు. విటమిన్ డి వేసుకుంటే రొజేషియా తగ్గిపోతుంది అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లనీ నమ్మకండి, విటమిన్ డి దేనికైనా మందు అనేవాళ్లు ఒక బ్యాచ్, విషం అనేవాళ్లు ఒక బ్యాచ్, మధ్యలో పేషెంట్లు నలిగిపోతున్నారు.

మీ 11 సంగతి. ముందు రిపోర్టులో యూనిట్ చూడండి, నానోగ్రాములు పర్ మిల్లీలీటర్ అని ఉందా, నానోమోల్స్ పర్ లీటర్ అని ఉందా. మొదటి యూనిట్‌లో ఒకటి అంటే రెండో యూనిట్‌లో దాదాపు రెండున్నర, కాబట్టి రెండో యూనిట్ అయితే మీ 11 అంటే నానోగ్రాముల్లో దాదాపు 4.4 మాత్రమే, మరీ ఘోరం. నానోగ్రాముల్లోనే 11 అనుకున్నా, అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ లెక్కలో 12 కంటే తక్కువంటే లోపమే, 20 ఉంటే చాలామందికి సరిపోతుంది. ఈ లెవెల్‌లో ఏళ్లు గడిస్తే ఎముకలు మెత్తబడతాయి, ఒళ్లునొప్పులు, కండరాల నీరసం దాన్నుంచే వస్తుండొచ్చు. బుగ్గ ఎరుపు పెరుగుతుందేమో అనే అనుమానానికి ఎముకల్ని పణంగా పెట్టడం నేను ఒప్పుకోను.

అలాగని పెంచేసుకోవడం కూడా వద్దు. పెద్ద డోసు కోర్సు ఎన్ని వారాలో డాక్టర్ రాసినంతవరకే, అయిపోయాక మళ్లీ మళ్లీ కొనుక్కుని వేసుకునేవాళ్లు ఉంటారు, ఒంట్లో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, తికమక, కిడ్నీలో రాళ్లు ఇలా తేలతారు. మామూలు పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 600 యూనిట్లు, 70 దాటితే 800, డాక్టర్ లేకుండా సొంతంగా 4000 దాటకూడదు. వారం డోసు వేసుకున్న రోజు మొహం ఎక్కువ ఎర్రబడుతోంది అని మీకు గట్టిగా అనిపిస్తే మానెయ్యకుండా, ఆ మొత్తాన్ని రోజువారీ చిన్న డోసుగా మార్చమని మీ డాక్టర్‌ని అడగండి, ఇబ్బందేం ఉండదు. కొంచెం కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది.

ఇంకోటి, మీరు వేసుకునేది ఉత్త విటమిన్ డీనేనా, ఇంకేమైనా కలిసి ఉన్నాయా చూడండి. నియాసిన్, అంటే బి3లో నికోటినిక్ యాసిడ్ రకం, వేసుకున్న కాసేపటికి మొహం ఎర్రగా భగ్గుమనేలా చేస్తుంది, రొజేషియా లేనివాళ్లకి కూడా. నియాసినమైడ్ అని ఉంటే ఆ గొడవ లేదు. బి6, బి12 పెద్ద డోసుల్లో వాడితే రొజేషియా లాంటి పొక్కులు వచ్చినవాళ్లు ఉన్నారు. మల్టీవిటమిన్ వేసుకుని మొహం మండితే తిట్లన్నీ విటమిన్ డి తింటుంది పాపం.

ఇక మీ ఆడపడుచు సలహా. ప్రేమగానే చెప్పింది, కానీ మీకు కుదరదు. చర్మంలో విటమిన్ డి తయారుచేసేది ఎండలో యూవీబీ భాగం. పొద్దున్నే సూర్యుడు కిందకి ఉన్నప్పుడు అది నేలదాకా వచ్చేది చాలా తక్కువ, మీ నీడ మీకంటే పొడుగ్గా ఉందంటే అప్పుడు తయారయ్యే విటమిన్ కూడా అంతంతమాత్రమే. పోనీ కిటికీ దగ్గర కూర్చుందామంటే అద్దం యూవీబీని ఆపేస్తుంది, యూవీఏ అనే ఇంకో భాగాన్ని, వేడిని మాత్రం లోపలికి పంపిస్తుంది, విటమిన్ రాదు మంట మాత్రం వస్తుంది. మధ్యాహ్నం కూర్చుంటే విటమిన్ తయారవుతుంది, నిజమే, కానీ కొంతసేపయ్యాక చర్మం ఎక్కువైనదాన్ని పనికిరాని రూపాల్లోకి మార్చేస్తుంది, ఎంతసేపు కూర్చుంటే అంత లాభం అనేదేం ఉండదు. ఇంక అదే ఎండ రొజేషియాకి అందరికంటే పెద్ద శత్రువు, వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, యూవీకి చర్మం కణాలు దెబ్బతిని వాపు మొదలవుతుంది, కొత్త రక్తనాళాలకి కబురు వెళ్తుంది, దానికి తోడు అప్పటికే రెచ్చిపోయి ఉన్న ఆ బుగ్గ మీదే విటమిన్ డి కూడా తయారవుతుంది. టాబ్లెట్ అయితే ఈ తలనొప్పులేవీ లేకుండా రక్తంలోకి వెళ్తుంది. ఎండ కావాలనే అనిపిస్తే చేతులకి కాళ్లకి తగలనివ్వండి, మొహానికి టోపీ, పైన సన్‌స్క్రీన్, ఒళ్లు వేడెక్కి మొహం ఎర్రబడుతోంది అంటే లేచి లోపలికి వచ్చెయ్యండి. సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి రొజేషియా చర్మానికి తక్కువ మండుతాయి, ఎస్‌పీఎఫ్ 30 కానీ పైన కానీ.

రొజేషియాలో అసలు చెయ్యాల్సింది ఆ కత్తెరని, దాన్ని కదిలించేవాటిని తగ్గించడం, దానికి మందులు ఇప్పటికే ఉన్నాయి. మీకిచ్చిన జెల్ ఏంటో మీరు రాయలేదు, ట్యూబ్ మీద చూడండి. అజెలాయిక్ యాసిడ్ 15 శాతం అయితే అది చర్మంలో కాలిక్రీన్-5నీ కాథలిసిడిన్‌నీ తగ్గిస్తుందని చూపించారు, అంటే మీరు భయపడుతున్న ప్రోటీన్‌కి విరుగుడు మీ అల్మారాలోనే ఉండొచ్చు. మొదటి కొన్ని రోజులు చురచురమంటుంది, ఎనిమిది పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్ ఆ డెమోడెక్స్ పురుగుల్ని తగ్గిస్తుంది. మెట్రోనిడజోల్ పాతకాలం నుంచీ ఉంది, పనిచేస్తుంది. బ్రిమోనిడిన్ జెల్ రక్తనాళాల్ని కాసేపు బిగించి ఎరుపు దాస్తుంది అంతే, కొంతమందికి దాని పవర్ దిగాక ముందుకంటే ఎక్కువ ఎర్రబడుతుంది, ఫంక్షన్ ఉందని మొదటిసారి ఆరోజే రాసుకోకండి.

పొక్కులు ఎక్కువుంటే డాక్సీసైక్లిన్ ఇస్తారు. 2006లో అమెరికాలో దీని 40 మిల్లీగ్రాముల స్లో రిలీజ్ రూపానికి రొజేషియా కోసమే పర్మిషన్ వచ్చింది, ఆ డోసు బాక్టీరియాని చంపేంత ఉండదు, అది చేసేది కాలిక్రీన్‌ని మేల్కొలిపే ఎంజైముల్ని ఆపడం. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటుంది, మీకు కాల్షియం టాబ్లెట్ కూడా రాశారు కదా, కాల్షియం, ఐరన్ డాక్సీసైక్లిన్‌ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. రెండూ ఒకేసారి మింగితే రొజేషియా తగ్గట్లేదు అని మందుని తిట్టుకోవడమే మిగులుతుంది, రెండు మూడు గంటలు గ్యాప్ ఇవ్వాలి. ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉంటే డాక్సీసైక్లిన్ వద్దు, ముందే చెప్పండి. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నప్పుడు ఒకరు రాసినది ఇంకొకరికి చూపించకపోతే ఇలాంటివే జరుగుతాయి.

ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి పేరేదైనా కనిపిస్తే మాత్రం అది స్టిరాయిడ్. రాసిన వారంలో మొహం అద్భుతంగా తెల్లబడుతుంది, ఆపగానే రెట్టింపు మండుతుంది, నెలల తరబడి రాస్తే స్టిరాయిడే రొజేషియాని పుట్టిస్తుంది. మీ స్కిన్ డాక్టర్ ఇది ఇచ్చుండరు అనుకుంటున్నా, ఇంట్లో వాళ్లదో తెలిసినవాళ్లదో క్రీమ్ అరువు తెచ్చుకుని రాస్తుంటే ఇప్పుడే చెప్పండి, ఎలా ఆపాలో డాక్టర్ చూసుకుంటారు.

చివరగా ఒకటి, మీ ఉత్తరంలో నాకు విటమిన్ డి కంటే ఎక్కువ అనుమానం పుట్టించింది ఇదే. బుగ్గల ఎరుపు, ఎండకి పెరగడం, ఒళ్లునొప్పులు, నీరసం, వయసు 36, ఆడవాళ్లు. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే లూపస్, అంటే మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద తిరగబడే జబ్బు, కాదు కదా అని చూసుకోవడం మా అలవాటు. మీకు పొక్కులు ఉన్నాయి కాబట్టి రొజేషియా వైపే మొగ్గు, లూపస్ ఎరుపులో పొక్కులు ఉండవు, పైగా అది ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే మడతల్ని వదిలేసి బుగ్గల మీద పరుచుకుంటుంది. ఒళ్లునొప్పులకి తక్కువ విటమిన్ డి కారణమే అయ్యుండొచ్చు కూడా. అయినా కీళ్లు వాస్తున్నాయా, నోట్లో పుళ్లు పడుతున్నాయా, జుట్టు బాగా ఊడుతోందా, జ్వరం వచ్చిపోతోందా చూసుకోండి, లూపస్ అనుమానం ఉంటే చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష, మామూలు రక్తపరీక్ష, యూరిన్ టెస్ట్ ఒకసారి చేయించమని మీ ఫిజీషియన్‌ని అడగండి. ఇది కంగారు పెట్టడానికి చెప్పట్లేదు, ఎక్కువసార్లు నార్మలే వస్తుంది.

కళ్లలో ఇసుక పడినట్టు గరగర, రెప్పల అంచులు ఎర్రబడటం, పొద్దున లేవగానే రెప్పలు అతుక్కోవడం ఉంటే అది కూడా రొజేషియాలో భాగమే, దానికి కంటి డాక్టర్‌ని కలవాలి, చుక్కల మందు మీరే కొని వేసుకోవద్దు. టాబ్లెట్లు మళ్లీ మొదలుపెట్టాక వారానికోసారి ఒకే వెలుతురులో ఒకే చోట నిలబడి మేకప్ లేకుండా ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎరుపు పెరిగిందో లేదో జ్ఞాపకం మీద చెప్తే భయమే మాట్లాడుతుంది. కోర్సు అయ్యాక, మూడు నెలలకి విటమిన్ డి, కాల్షియం మళ్లీ చూపించుకుని ఆ రిపోర్టు, ఫోటోలు, రాసుకునే జెల్ ట్యూబ్ మూడూ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.